ఇరవై ఆరు సెకన్ల ఖాళీ

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. తెల్లవారినప్పటి నుంచి విడవకుండా పడిన సన్నని జల్లు అయిదు నిమిషాల క్రితమే ఆగింది. గాలి లేదు, మబ్బు విడలేదు. మేడ మీది గొట్టం చివర నుంచి నాలుగు సెకన్లకొక చుక్క కింది రేకు మీద పడి టప్‌మంటోంది. పక్కగదిలో చిన్నవాడు సంచి సర్దుకుంటున్నాడు. ముందుగదిలో పెద్దవాడు మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని, ఆ ఏడాది వచ్చిన హిప్ హాప్ ఆల్బముల జాబితాకు ఎర్రపెన్సిలుతో గీతలు గీస్తున్నాడు. రెండు గదులకూ నడుమ, వంటగది గుమ్మంలో, తడిచేతులు తుడుచుకోవడం మరచిపోయి పెద్దవాడి భార్య నిలబడి ఉంది.

సాయంత్రం ఆరుంబావుకు చిన్నవాడి బస్సు.

“ఆ నీలం చొక్కా నాది,” అన్నాడు పెద్దవాడు తల ఎత్తకుండా.

“నీదేలే. మడిచి నీ అలమరలోనే పెట్టాను.”

“ఆఁ?”

“ఏం లేదు.”

“నోట్లో నసగకురా. చెప్పేదేదో పైకి చెప్పు.”

“పైకే చెప్పానన్నయ్యా. నువ్వు విన్నదెప్పుడు?”

ఈ మాట మాత్రం గట్టిగానే వచ్చింది. పెద్దవాడు పెన్సిలు ఆపాడు.

“వెళ్ళేవాడివి కారణం చెప్పి వెళ్ళు. మూడు రోజులుగా అడుగుతున్నా.”

“చెప్పాను. అక్కడ బైండింగు షాపులో పని దొరికింది.”

“పుస్తకాలకు అట్టలు వేసే పని ఈ ఊళ్ళో లేకపోయిందా? ఇక్కడి పని మానుకుని, ఏడు గంటలు బస్సులో కూర్చుని, అక్కడికి పోయి అదే పని చేస్తావా? అది కారణం కాదు, సాకు.”

చిన్నవాడు సంచి జిప్పు లాగాడు. సగంలో ఇరుక్కుంది. దాన్ని వెనక్కి లాగలేదు, ముందుకూ తొయ్యలేదు. రెండు వేళ్ళతో అలాగే పట్టుకుని గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. ఈ ఇంట్లో అరుపులంటే ఆమెకు భయం లేదు. అరిచిన అరగంటకు అన్నదమ్ములిద్దరూ ఒకే పాట పెట్టుకుని తలలూపుతారు. ఇలా జిప్పు దగ్గర ఆగిపోయిన మౌనమే ఆమెకు గుండెదడ.

ఆమె పక్కగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

పద్నాలుగు నెలల క్రితం దాకా అది అత్తగారి గది. మంచం తీసేశారు గానీ, సెలైన్ నీళ్ళసీసా తగిలించిన కొక్కెం గోడకు అలాగే ఉంది. గొంతు ఆపరేషన్ తరువాత అత్తగారికి గొంతు తిరిగి రాలేదు. చివరి నాలుగు నెలలూ ఉత్త ఊపిరితోనే మాట్లాడేది. చిన్నవాడు ఆ మంచం పక్కనే చాప వేసుకున్నాడు. పెద్దవాడు కలప కోత మిల్లు నుంచి రాగానే స్నానం చేసి, వచ్చి, పది నిమిషాలు కుర్చీలో కూర్చుని, తల్లి పెదవులు కదిలినప్పుడల్లా తల ఊపి, లేచి వెళ్ళేవాడు.

“ఇప్పటికైనా ఆయనతో చెప్పెయ్,” అంది ఆమె. “‘పక్కగది’ ఎవరో తెలియకుండా ఆయన ఏదో అనేశారు. తెలిస్తే అంటారా?”

“తెలిస్తే అనడనే కదా చెప్పకుండా దాచింది. తమ్ముడని తెలిసి వేసే మార్కులు నాకెందుకు వదినా?”

‘పక్కగది’ అనే మారుపేరుతో ఆ ఏడాది ‘నెమ్మదిగా’ అనే ఆల్బమ్ నెట్‌లో పెట్టినవాడు తన మరిదేనని ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. పెద్దవాడూ అతని స్నేహితులూ ఆల్బములకు స్థానాలిచ్చే ఏడాది లెక్క ముగిసేదాకా నోరు విప్పనని మాట ఇచ్చింది. ఇచ్చిందే గానీ, ఆల్బమ్ వినలేదు. ఆమె పని ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చెయ్యడం. గాజుకిటికీకి ఇవతల కూర్చుని రోజుకు ఆరు గంటలు మనుషుల చెవుల్లోకి సన్నని బీప్‌లు పంపి, ఏది వినిపించింది, ఏది వినిపించలేదు అని కాగితం మీద చుక్కలు పెట్టేది. ఇంటికి వచ్చాక ఆమెకు కావలసింది నిశ్శబ్దం ఒక్కటే. పాటలు ఆ అన్నదమ్ములకు వదిలేసింది.

చిన్నవాడికి పదేళ్ళప్పుడు ఒక ఇయర్‌ఫోను తన చెవిలో, రెండోది తమ్ముడి చెవిలో పెట్టి, “పదాలు కాదురా, పదాల మధ్య వాడు ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో విను” అని నేర్పింది పెద్దవాడే. అంచేత ఊళ్ళో అందరూ మెచ్చుకున్నా చిన్నవాడికి లెక్కలోకి వచ్చే మెప్పు ఒక్కటే. పోయిన ఆదివారం వాళ్ళ పాటల సభలో అది రాలేదు.

“నువ్వు విన్నావా అన్నయ్య ఏమన్నాడో?” అన్నాడు చిన్నవాడు. “మాటకు మాట చెబుతా. ‘మూడో పాట మధ్యలో ఇరవై ఆరు సెకన్లు ఖాళీ. డ్రమ్ము కొట్టుకుంటూ ఊరుకున్నాడు. చెప్పడానికేమీ లేనివాడు సోమరితనానికి మౌనమని పేరు పెట్టుకుంటాడు.’ ఇదీ తీర్పు.”

“నచ్చలేదన్నారు. పోనీలే. అందరికీ అన్నీ నచ్చుతాయా?”

“అది ఖాళీ కాదు వదినా.” అతని గొంతు ఒక్కసారిగా సన్నబడిపోయింది. “అక్కడ అమ్మ ఉంది.”

ఆమెకు అర్థం కాలేదు.

“ఆ గుసగుస అమ్మది. ఫోన్‌లో పట్టుకున్నాను, పోయే ముందు వారం. ఇరవై ఆరు సెకన్లు అమ్మ మాట్లాడుతుంది. పెద్ద కొడుకు గురించే మాట్లాడుతుంది. విని, ఖాళీ అన్నాడు.”

ఆమె కొక్కెం వైపు చూసింది. పదేళ్ళ అలవాటు కొద్దీ నోటికి వచ్చిన మాటనే అనేసింది.

“ఆయన సరిగ్గా విని ఉండరులే.”

చిన్నవాడు నవ్వాడు. “వచ్చిందా? ఇంకా రాలేదేమా అని చూస్తున్నా. నా పెళ్ళిచూపుల నాడు అన్నయ్య రాకపోతే, విని ఉండరులే. అమ్మ మందు తెమ్మంటే తేకపోతే, విని ఉండరులే. ఈ ఒక్క మాట పట్టుకుని పదేళ్ళు కాపురం నెట్టుకొచ్చావు వదినా. నీ ఓపికకు దణ్ణం. నా వల్ల కాదు.”

ఈసారి జిప్పు పూర్తిగా పట్టింది.

*

మూడుంబావుకు ఆమె చెప్పులు వేసుకోవడం చూసి పెద్దవాడు ఆశ్చర్యపోయాడు.

“ఎక్కడికి?”

“మీతోనే. మీ సభకు.”

“నువ్వా? పెళ్ళయిన పదేళ్ళలో ఒక్కసారి రాలేదు.”

“ఇవాళ వస్తాను. మీరు తీర్పులెలా చెబుతారో చూస్తాను.”

ఆ మాటలోని మంట ఆయనకు అంటలేదు. నిజంగానే సంతోషించాడు. దారిపొడవునా గుంతల్లో నీళ్ళు. ఆమె రెండడుగులు ముందు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే, “కన్నతల్లి గొంతు కూడా ఆనవాలు పట్టని చెవులు మనిషికెందుకు?” అంది. జవాబు లేదు. మౌనంగా ఒప్పుకున్నాడనుకుంది, ఆమె కోపం ఇంకాస్త పెరిగింది.

మలుపు దగ్గర ఆయన ఆమె పక్కకు వచ్చాడు. ఆమె ముఖంలోకి చూస్తూ అన్నాడు: “వీడూ అమ్మలాగే. అమ్మ కూడా చివర్లో నాతో మాట్లాడ్డం మానేసింది. పెదాలు కదిపేది, అంతే. నా మీద మనసులో ఏదో పెట్టుకుంది. ఇప్పుడు వీడు. మన ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు.”

ఈ మాట ఆమె ఇంతకుముందు కూడా విన్నది, తల్లి పోయిన వారంలో. అప్పుడు దుఃఖమనుకుంది. ఇప్పుడు తన మీద తనకు జాలి అనుకుంది. రెండుసార్లూ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు.

లెక్కల మేష్టారు ట్యూషన్ చెప్పే గది మేడ మీద ఉంది. బల్లలు గోడవారగా జరిపి నాలుగు కుర్చీలు, మధ్యలో రెండు స్పీకర్లు వేశారు. నల్లబల్ల మీద ఆ ఏడాది విన్నవాటిలో చివరికి మిగిలిన ఆల్బములు పది, వరసగా రాసి ఉన్నాయి. వచ్చేవాళ్ళు నలుగురే: మేష్టారు, సిటీ బస్సు డ్రైవర్, తెల్లవారుజామున రొట్టెలు కాల్చి మధ్యాహ్నానికి దుకాణం మూసేసే బేకరీ అక్క, జడ్జిగారని వాళ్ళు పిలుచుకునే పెద్దవాడు. ఏడాది పొడుగునా ఆదివారానికో ఆల్బమ్ వింటారు. తొలి వినికిడి రోజున ఎవరి తీర్పు వారు చెప్పాలి, ఎదురు మాట్లాడకూడదు. ఒకరి మాట ఒకరిని లాగెయ్యకూడదని పెద్దవాడు పెట్టిన నియమమది. వాదనంతా ఏడాది చివరి ఆదివారానికే, అంటే ఇవాళ్టికే, దాచుకోవాలి. తీర్పులను డ్రైవర్ రికార్డు చేసి నెట్‌లో పెడతాడు. వినేది నాలుగైదు వందల మందే గానీ, ఆ ఊళ్ళో రాప్ రాసేవాళ్ళందరూ ఆ కొద్దిమందిలోనే ఉంటారు.

“రండి వదినగారూ!” అన్నాడు డ్రైవర్ కుర్చీ తెచ్చి వేస్తూ. “ఇవాళ జడ్జిగారి మీద అప్పీలు కూడా ఉంటుందన్నమాట.”

వాదన అప్పటికే రాజుకుంది.

“‘ఏడో అంతస్తు’ గుంపు ఆల్బమ్ ‘మెట్లు’ది మొదటి స్థానం. ఇంక మాట్లాడేదేం లేదు,” అంటున్నాడు డ్రైవర్. “ఆ రెండో పాట వింటూ బండి నడిపితే గేరు దానంతటదే పడింది.”

“ప్రయాణికులు బతికే ఉన్నారా?” అంది బేకరీ అక్క.

“ఒకాయన స్టాపు దాటిపోయినా దిగలేదు. అదీ పాటంటే.”

“పదహారు లైన్లు. పద్నాలుగింట ఒకటే అంత్యప్రాస,” అన్నారు మేష్టారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ. “లెక్కపెట్టాను.”

“మీరు పాట వినరు మేష్టారూ, హాజరు వేస్తారు.”

“హాజరు వేస్తేనే ఎవరు రాలేదో తెలుస్తుందమ్మా. నీ ‘తుఫాను చెల్లి’ ఆల్బమ్‌లో బీటు వచ్చింది, వేగం వచ్చింది, అర్థం మాత్రం సెలవు పెట్టింది.”

“అర్థం సెలవు పెట్టిందా!” బేకరీ అక్క కుర్చీ అంచుకు జరిగింది. “నాలుగో పాటలో ఆ పిల్ల, మెషిన్ మీద కుట్టిన చొక్కా ఎవరు తొడుక్కుంటారో నాకు తెలీదు, నా వేళ్ళకు తెలుసు అంటుంది చూడండి. పిండి పిసుకుతూ విని, అక్కడే ఆగిపోయాను. ఆ పూట రొట్టెలు మాడిపోయాయి.”

“అప్పుడు నిందితులు ఇద్దరు,” అన్నాడు పెద్దవాడు. “ఒకరు బస్సు ఆపరు, ఒకరు పొయ్యి ఆపరు.”

అందరూ నవ్వారు. ఆమెకు ఆ నవ్వు కష్టంగా ఉంది. ఇంట్లో మూడు రోజులుగా చూడని మనిషి ఇక్కడ కూర్చున్నాడు: చురుగ్గా, సరసంగా, ఎవరు మాట్లాడితే వాళ్ళ నోటివైపే చూస్తూ, ఒక్క మాట పోనివ్వకుండా. ఇంత బాగా వినగలవాడు ఇంట్లో వినడా? భర్తలందరికీ ఉండే చెవుడే తన భర్తకూ ఉందని ఇన్నాళ్ళూ నవ్వుకుంది. ఇప్పుడు నవ్వు రాలేదు.

నల్లబల్ల మీద ఎనిమిది పేర్ల పక్కన అంకెలు పడ్డాయి. తొమ్మిదోది ‘నెమ్మదిగా’.

“దీనికి మూడో పాట మళ్ళీ వినాలి,” అంది బేకరీ అక్క. “జడ్జిగారికీ నాకూ అక్కడే పేచీ. వారం నుంచి నోరు బిగబట్టుకుని కూర్చున్నా.”

“వినండి, వినండి. ఖాళీ ఎన్నిసార్లు విన్నా ఖాళీయే,” అన్నాడు పెద్దవాడు.

“వదినగారూ, మా పద్ధతి ఒకటుంది,” అన్నాడు డ్రైవర్. “పాట నడుస్తున్నంతసేపూ నోరెత్తకూడదు, వేలెత్తాలి. మనసుకు తగులుతున్నంతసేపు చూపుడువేలు పైకి. తగలకపోతే కిందికి. పక్కవాళ్ళను చూసి ఎత్తకుండా కళ్ళు మూసుకోవాలి. మేష్టారు తరువాత అడుగుతారు, ఎవరు ఎక్కడ ఎత్తారని.”

నలుగురూ కళ్ళు మూసుకున్నారు. ఆమెకు ఆ నియమం వర్తించదు. ఆ గదిలో కళ్ళు తెరుచుకుని ఉన్నది ఆమె ఒక్కతే.

పాట మొదలయింది. మరిది గొంతును కంప్యూటరులో బరువుగా, లావుగా మార్చాడు. అయినా ఆమె పోల్చుకుంది. నీళ్ళసీసా గురించి, కొక్కెం గురించి, చాప మీద నుంచి చూస్తే ఇల్లు ఎంత ఎత్తుగా కనిపిస్తుందో దాని గురించి చెబుతున్నాడు. పెద్దవాడి వేలు మొదటి పాదానికే లేచింది. మిగిలిన ముగ్గురి కంటే ముందు లేచింది. నచ్చుతోంది ఆయనకు. తమ్ముడి మాటలు ఎవరివో తెలియకుండానే నచ్చుతున్నాయి.

తరువాత ఆ గొంతు ఆగింది. డ్రమ్ము ఒక్కటే మిగిలింది. దాని మీద, కాగితం మీద కాగితం జరిపినంత సన్నగా, అత్తగారు మాట్లాడింది.

“పెద్దోడొచ్చాడా? లేపకురా. పొద్దస్తమానం రంపం దగ్గర నిలబడి వచ్చాడు, పడుకోనీ. ఏమడిగినా తలూపుతాడు... బదులు చెప్పడు. నా మీద కోపమొచ్చిందేమో. అడుగు నువ్వు. నేనేమన్నా అని ఉంటే మనసులో పెట్టుకోవద్దని చెప్పు.”

బేకరీ అక్క వేలు లేచింది. మేష్టారి వేలు లేచింది. డ్రైవర్ వేలు లేచింది.

పెద్దవాడి వేలు దిగింది.

నెమ్మదిగా దిగలేదు. గుసగుస మొదలైన క్షణానికి దిగింది, అది ఆగి చిన్నవాడి గొంతు తిరిగి వచ్చిన క్షణానికి మళ్ళీ లేచింది. మధ్యలో ఇరవై ఆరు సెకన్లు ఆ చెయ్యి మోకాలి మీద, ఏమీ జరగడం లేనట్టు, ప్రశాంతంగా పడి ఉంది. ఆ ముఖంలో అయిష్టం లేదు, విసుగు లేదు. ఉన్నది ఎదురుచూపు.

ఆ ముఖం ఆమె రోజూ చూసేదే. గాజుకిటికీకి అవతల, తాను బీప్ పంపినా తెలియక, ఇంకా రాలేదేమో అని ఓపికగా కూర్చునే ముఖం అది. నచ్చని మనిషి వేలు అలా దిగదు. వినిపించని మనిషి వేలే అలా దిగుతుంది.

పాట అయిపోయింది. కళ్ళు తెరిచారు. బేకరీ అక్క పైటచెంగుతో ముక్కు తుడుచుకుంది.

“చెప్పండి జడ్జిగారూ. ఆ పెద్దావిడ మాటలు మీకు ఖాళీగా అనిపించాయా?”

“ఏ పెద్దావిడ?” అన్నాడు పెద్దవాడు.

డ్రైవర్ తొడ చరిచాడు. “అదీ దెబ్బ! నచ్చకపోతే మనిషినే లేదంటాడు!”

“హాస్యం కాదు డ్రైవరూ,” అన్నారు మేష్టారు. “తీర్పు కఠినంగా ఉండవచ్చు. అమానుషంగా ఉండకూడదు.”

“నేనేమన్నానండీ ఇప్పుడు?” పెద్దవాడు ఒకరి తరువాత ఒకరి ముఖం చూశాడు. “డ్రమ్ము ఉంది, ఖాళీ ఉంది. పెద్దావిడ ఎవరు?” అని, ఎవరూ జవాబివ్వకపోయేసరికి, వంగి పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టాడు.

ఆమె లేచింది. మిషను పాడైన రోజుల్లో ఆసుపత్రిలో చేసే పరీక్ష ఒకటుంది. దానికి ఏ సామానూ అక్కర్లేదు. మనిషి వెనక చెయ్యి చాచినంత దూరంలో నిలబడి, ఊపిరి వదిలి, మిగిలిన ఊపిరితో మాట్లాడాలి. ఆమె భర్త కుర్చీ వెనకకు వెళ్ళి నిలబడింది.

“పెద్దోడా,” అంది గుసగుసగా. “ఇటు చూడు.”

రెండు గజాల అవతల కూర్చున్న డ్రైవర్ తల ఎత్తాడు. మేష్టారు తల ఎత్తారు. పెన్సిలు పొట్టు సన్నగా చుట్ట చుట్టుకుని పెద్దవాడి ఒళ్ళో రాలింది.

“పెద్దోడా.”

డ్రైవర్ ముఖం మీది నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. బేకరీ అక్క చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళ చూపులను బట్టి పెద్దవాడు వెనక్కి తిరిగాడు.

“ఏమైంది? ఎందుకందరూ అలా చూస్తున్నారు?”

ఆమె ముందుకు వచ్చి ఆయన ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన ఎప్పటిలాగే ఆమె పెదవుల వైపు చూశాడు. ప్రేమ అనుకునేది ఆ చూపును, పెళ్ళయిన కొత్తలో.

“వెనక నుంచి మిమ్మల్ని రెండుసార్లు పిలిచాను. మీకు వినపడలేదు.”

“మెల్లగా పిలిచి ఉంటావు.”

“మెల్లగానే పిలిచాను. వాళ్ళకు వినపడింది.”

“నా చెవులకేమిటి? పాటలో డ్రమ్ము ఎక్కడ అరక్షణం ఆలస్యమైందో చెప్పమను ఎవర్నైనా. నేను చెబుతా.”

“చెబుతారు. దెబ్బలు వినపడతాయి. లావు గొంతులు వినపడతాయి. ఎదురుగా ఉన్నవాళ్ళ మాట పెదవులు చూసి అందుకుంటారు. ఊపిరితో చెప్పింది మాత్రం మీ దాకా రాదు. పందొమ్మిదేళ్ళు రంపం పక్కన నిలబడ్డారు. అదంతా ఒక్కనాడు పోలేదండీ, రోజుకింత పోయింది. నా పనే ఇది. నేను చూడలేదు.”

ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. ఆ తరువాత వచ్చిన ప్రశ్న కోసమే ఆమె భయపడుతూ ఉంది.

“మరి అమ్మ?”

ఆయన ఆమె మీదికి వంగాడు.

“అమ్మ మాట్లాడేదా?”

“రోజూ మాట్లాడేదండీ.”

“నాతోనా?”

“మీతోనే. మీరు తలూపేవాళ్ళు.”

ఆయన చేతిలోని పెన్సిలు మొన విరిగింది. ఆమె ఇచ్చిన మాట ఆ క్షణంలోనే తప్పింది. పక్కగది ఎవరో చెప్పింది, ఆ ఇరవై ఆరు సెకన్లలో ఉన్నది ఎవరో చెప్పింది. డ్రైవర్ అడగకుండానే లేచి పాటను అక్కడికి తెచ్చి పెట్టాడు. డ్రమ్ము మొదలయింది. అత్తగారు అన్న ఒక్కొక్క మాటా ఆమె గట్టిగా, ముఖం చూపిస్తూ, భర్తకు తిరిగి చెప్పింది. ‘నా మీద కోపమొచ్చిందేమో’ దగ్గర ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. మేష్టారు, జీవితమంతా పిల్లలకు లెక్కలు వల్లె వేయించిన గొంతుతో, తడబడకుండా పూర్తిచేశారు: “నేనేమన్నా అని ఉంటే మనసులో పెట్టుకోవద్దని చెప్పు.”

“కోపమా?” అన్నాడు పెద్దవాడు. “నాకా?”

*

అయిదూ నలభై ఎనిమిది అయింది. బస్టాండు ఆ గదికి నలభై నిమిషాల దారి. దారిలో వంతెన దగ్గర రోడ్డు తవ్వేశారు. పోయినా బస్సు అందదని లెక్క చెప్పినవాడు డ్రైవరే. ఆమె ఫోను తీసింది.

“ఎక్కావా?”

“ఎక్కలేదు వదినా. ఇంకా తలుపు తియ్యలేదు.”

“ఎక్కకు. నా మాట విను. మీ అన్నయ్య ఆ గుసగుస వినలేదురా. ఆయనకు వినపడలేదు.”

అవతల బస్టాండు గోల. తరువాత చిన్నవాడి గొంతు, కోపం లేకుండా, అలసటగా.

“విని ఉండరులే... అదే కదా వదినా?”

“ఈసారి నిజంరా! పరీక్ష చేశాను. వెనక నిలబడి పిలిచాను. ముగ్గురు సాక్షులున్నారు.”

“ప్రతిసారీ నిజమనే చెప్పావు. అన్నయ్యను కాపాడటం నీకు అలవాటైపోయింది. నిన్ను తప్పుపట్టను. పదకొండేళ్ళుగా ఊరందరి పాటల్లో ఊపిరి ఎక్కడ తీశారో చెప్పేవాడికి, సరిగ్గా అమ్మ దగ్గరికి వచ్చేసరికి చెవుడొచ్చిందా?”

పదేళ్ళలో ఆమె అబద్ధంగా వాడి వాడి అరగదీసిన మాట, నిజమైన రోజున చెల్లలేదు. ఆ తప్పు ఇంకెవరి మీదా వెయ్యడానికి లేదు.

పెద్దవాడు చెయ్యి చాచి ఫోను తీసుకున్నాడు.

“ఒరేయ్ తమ్ముడూ. అది ఖాళీ కాదురా. తప్పు చెప్పాను. మొదటి పాదానికే వేలెత్తాన్రా, నువ్వని తెలీదు. నువ్వు ఊపిరి తీసిన చోటల్లా...” అక్కడ ఆగిపోయాడు.

అవతల చిన్నవాడు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏదో చాలాసేపు చెబుతున్నాడు. పెద్దవాడు ఫోనును చెవికి నొక్కుకున్నాడు. ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చాడు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు, మళ్ళీ గది మధ్యకు వచ్చాడు. బేకరీ అక్క లేచి ఫ్యాను ఆపింది.

పెద్దవాడు తల ఊపాడు. కొంతసేపాగి మళ్ళీ ఊపాడు. మూడోసారి ఊపినప్పుడు ఆయన కళ్ళు భార్యను వెతికాయి. ఆమె చెయ్యి చాచేలోపు ఫోను కట్టయింది.

“ఏమన్నాడు?” అంది ఆమె, ముఖం చూపిస్తూ.

ఆయన చాలాసేపు ఆమె పెదవులనే చూస్తూ నిలబడ్డాడు.

“తెలీదు,” అన్నాడు.

ఆమె వెంటనే మళ్ళీ ఫోను చేసింది. మోగలేదు. బయట జల్లు మళ్ళీ మొదలయింది. మేష్టారు నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, తొమ్మిదో పేరు పక్కన అంకె వెయ్యబోయి, సుద్దముక్కను కింద పెట్టేశారు.

పెద్దవాడు రెండు చెవులకూ వినికిడి యంత్రాలు పెట్టుకున్నది మరుసటి వేసవిలో. అన్నదమ్ములు మళ్ళీ ఒక గదిలో కూర్చున్నది ఏడేళ్ళ తరువాత. ఆ సాయంత్రం ఫోనులో ఏమన్నాడో అప్పటికి చిన్నవాడికి గుర్తు లేదు.